బ్యాటరీ తీసింది నేనే

మా పాపకి ఎంత వయసో, నా మనసులోని ఈ బరువుకీ అంతే వయసు. పాప బడికి వెళుతోంది, నాతో వాదిస్తోంది, నా మాట వినడం ఎప్పుడో మానేసింది. బరువు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీతో చెప్పడం కాస్త సులువు. అలా అని మాటలు గడగడా వస్తున్నాయనుకోకండి. ఇంతవరకు రాయడానికే రెండుసార్లు లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను.

తొలి కాన్పుకి నరసన్నపేటలో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. అక్కా బావా అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఉంటారు. బావ కొన్నేళ్లు గల్ఫ్‌లో పెద్ద భవనాలకి ఫైర్ అలారాలు బిగించే పని చేసి తిరిగొచ్చేశాడు. ఇక్కడ ఇళ్లకి స్మోక్ అలారాలు బిగిస్తూ బతకాలని అతని ఆశ. ఊళ్లో నవ్వారు. పొగొస్తే మాకు ముక్కుల్లేవా అన్నారు. అయినా బావ ఇల్లిల్లూ తిరిగి, నవ్విస్తూ, నచ్చజెబుతూ, కొందరిళ్లలో బిగించాడు.

పాప పుట్టగానే మా గదికి ఒకటి తెచ్చాడు. దాన్ని ఎంచడానికి ఎంత ఆలోచించాడో! వంటింటికైతే వేడికి కూసేది కావాలట, పొగకి కూసేది పెడితే ప్రతి పోపుకీ గోల చేస్తుందని మూడో రోజే పీకేస్తారట. పడగ్గదికి మాత్రం మంట లేకుండా కమిలే పొగని ముందే పసిగట్టేది ఉండాలి, బొంతలూ పరుపులూ అలాగే కాలతాయి అన్నాడు. మరీ మూలకి పెడితే పొగ చేరదని, ఫ్యాన్ పక్కన పెడితే గాలికి చెదిరిపోతుందని, స్టూలు ఎక్కుతూ దిగుతూ చివరికి ఒక చోటు ఖాయం చేశాడు. స్నానమయ్యాక పాపకి రోజూ సాంబ్రాణి పొగ వేస్తారు కదా, దానికీ ఉపాయం చెప్పాడు. పొగ వేసేముందు అలారానికి ప్లాస్టిక్ సంచి తొడగాలి, గది తేటపడ్డాక తీసేయాలి.

సంచి తొడిగే పని నాది. బాలింతని, నడుం పట్టేసేది. ఒకరోజు మరిచిపోయాను. అమ్మ కుంపట్లో సాంబ్రాణి చల్లగానే చెవులు చిల్లులు పడేలా కూసింది. పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది, ఎంతకీ ఆపదు. నాకు ఒళ్లు మండిపోయింది. స్టూలెక్కి, బ్యాటరీ లాగేసి, మూత మూసేసి, ఆ బ్యాటరీని నా క్లిప్పుల డబ్బాలో పడేశాను. పాప కాస్త పెద్దయ్యాక పెట్టేద్దాంలే అనుకున్నాను. అది బద్ధకం. అంతవరకే అయితే ఇన్నేళ్లు మోసేదాన్ని కాదు.

కొద్ది రోజులకి, ఒక మధ్యాహ్నం, అమ్మ పాప పక్కన కునుకు తీసింది. నేను పెరట్లో గుడ్డలు ఆరేస్తూ పక్కింటామెతో కబుర్లలో పడ్డాను. కుంపటి గదిలోనే ఉండిపోయింది. మంచం మీంచి వేలాడుతున్న బొంతకి నిప్పురవ్వ అంటుకుంది. మంట లేదు. లోలోపలే కమిలింది. కిటికీలోంచి పొగ చూసి పక్కింటామె కేక పెట్టింది. నేను పరిగెత్తేసరికి అమ్మ దగ్గుతూ, పాపని గుండెకి కరుచుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బొంత లాగి పారేయబోయి ముంజేయి కాల్చుకుంది. ఆసుపత్రిలో పాపకి ఏమీ కాలేదని చెప్పారు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. పాప బట్టల కోసం ఇంటికి వచ్చాను. బావ పలాస వెళ్లాడు, ఇంకా రాలేదు. గదిలో ఎవరూ లేరు. క్లిప్పుల డబ్బాలోంచి బ్యాటరీ తీసి, మళ్లీ స్టూలెక్కి, అలారంలో పెట్టేశాను. ఎందుకు? అమ్మ తిడుతుందనా? కన్నబిడ్డని చంపుకోబోయిందని నలుగురూ అంటారనా? రెండోదే. అప్పుడే చావు తప్పి బతికిన బిడ్డ ఆసుపత్రిలో ఉంటే, నేను నా పరువు గురించి ఆలోచించాను.

సాయంత్రం బావ వచ్చాడు. బటన్ నొక్కాడు. కూసింది.

“ఇదేటే, బాగానే కూస్తన్నాది గదా! మరప్పుడెందుకు కూయనేదు?”

“నాకేటి తెలుసు బావా. కూయనేదు, అంతే.”

పైకప్పు వంకా, ఫ్యాను వంకా చూశాడు. “అయితే నేనెట్టిన సోటే తప్పు పిల్లా. ఫ్యాను గాలికి పొగ ఇటేపు రానేదు. నా వల్ల పిల్లకి ఎంత పనయ్యేదే.”

నా నోరు మామూలుగా ఊరుకునే రకం కాదు. ఆ రోజు ఊరుకుంది.

అతను నన్ను అనుమానించలేదు, తననే అనుమానించుకున్నాడు. సొంత మరదలి ఇంట్లోనే కూయని అలారమట అని ఊరంతా పాకింది. ఎవరూ అడక్కముందే బావ తను బిగించినవన్నీ తనే విప్పేశాడు. ఇప్పుడు ట్రాలీ ఆటోలో బియ్యం బస్తాలు తోలుతున్నాడు. నన్ను చూస్తే ఆటపట్టించకుండా ఉండలేని మనిషి, నేను వెళితే పాప తల నిమిరి బయటికి వెళ్లిపోయేవాడు.

ఈమధ్య విజయనగరంలో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. స్మోక్ అలారం కొందామని మా ఆయన ఫోన్‌లో నాలుగు రకాలు చూపించాడు. ఏ గదికి ఏది, ఎక్కడ పెట్టాలి, అన్నీ చెప్పుకుపోయాను. ఇవన్నీ నీకెలా తెలుసు అన్నాడు. బావ పేరు చెప్పకుండా దాటేశాను. ఇంకెన్నాళ్లు?

మొన్న బావకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అంతా విని, “అయితే ఆ సోటు తప్పు కాదన్నమాట,” అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. క్షమించమన్నాను. “ఉంటాను,” అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. కానీ ఊరంతా నమ్మిన అబద్ధం ఒక్క ఫోనుతో తీరదు. అందుకే మీకూ రాస్తున్నాను.

నిన్న అక్క ఫోన్ చేసింది. “మీ బావ పొద్దున్నుంచి స్టూలేసుకుని గదుల పైకప్పులన్నీ సూసుకుంటన్నాడే. అడిగితే నవ్వుతాడు గానీ సెప్పడు. నువ్వేటైనా అన్నావేటే?”

అక్కకి చెప్పలేదన్నమాట. నా మీద జాలా, కోపమా, తెలియదు.

“అన్నానక్కా. కూకో, సెప్తాను,” అన్నాను.

చెప్పాను. అక్క తిట్టింది, ఏడ్చింది, ఫోన్ పెట్టేసింది. నాకు మాత్రం చాలా ఏళ్ల తర్వాత గుండె నిండా ఊపిరి అందింది.