తమ్ముడు గెలిచిన కుస్తీలు

మొన్న మా మనవరాలు టీవీలో కుస్తీ చూస్తా, "ఇదంతా ముందే మాట్లాడుకోని ఆడతారంట అవ్వా" అని నవ్వింది. నేను వినపడనట్టు లేచి వంటింట్లోకి పోయినాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఊరికే నిలబడి ఉండిపోయినాను.

మా తమ్ముడు కుస్తీలు పట్టింది డెబ్బైలలో, నేను మదనపల్లెలో కొత్తగా కాపురం పెట్టిన కాలంలో. నిమ్మనపల్లె దగ్గర మా నాయనకు వాన పడితేనే పండే శెనక్కాయ చేను ఉండేది. ఆ చేలో రాళ్లు మోసి మోసి పెరిగిన ఒళ్లు వాడిది. ఇరవై నిండేసరికి మా గడపలో పక్కకి తిరిగి రావాల్సొచ్చేది. మా ఇంట్లోనే ఉండి, పొద్దున్నే కుస్తీ నేర్పే తాలీంఖానాకు పోయేవాడు. వచ్చినాక నాలుగు సంగటి ముద్దలు, చట్టినిండా ఉలవచారు. ఐదో ముద్దకు మా ఆయన మొహం చూసేవాడు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఆ తాలీంఖానా వస్తాదే టిక్కెట్టు పెట్టి ఊరూరా కుస్తీలు ఆడించేవాడు. తమ్ముణ్ణి మొదట మదనపల్లెలో గోదాలోకి దించినాడు, వాడు గెలిచినాడు. పుంగనూరులో ఇద్దర్ని పడేసినాడు. రెండేళ్లు తిరక్కుండానే గోడల మీద వాడి బొమ్మలు. పుంగనూరులో పడినవాళ్లలో ఒకాయన నలభై దాటిన మనిషి, ఒకప్పుడు కోలారు దాకా పేరున్న పహిల్వాను. "ఆయప్పనే పడేసినానక్కా" అని తమ్ముడు రెండుసార్లు చెప్పినాడు. మా ఇంట్లో అంతవరకు ఎవరూ దేంట్లోనూ గెలిచింది లేదు.

తర్వాత కుప్పంలో పెద్ద కుస్తీ పెట్టినారు, మళ్లీ ఆ పెద్దాయనతోనే. దానికి నాలుగు రోజుల ముందు, తమ్ముడు లేనప్పుడు, ఆయన మా ఇంటికొచ్చినాడు. మజ్జిగిచ్చినాను. తల వెనక్కి వాల్చలేక గుక్కగుక్కగా తాగినాడు.

"అమ్మా, మీ తమ్మునికి ఒక మాట సెప్పల్ల. నా మెడ నరం పట్టేసుండాది. ఎత్తి నేలకెయ్యద్దని సెప్పు. నేనే పడతాను, పుంగనూర్లో పడినట్టే."

"పుంగనూర్లో నువ్వు కావాలనే పడితివాప్పా?"

ఆయన మజ్జిగ చెంబు కింద పెట్టి నా మొహం చూసినాడు. "వానికి తెలీదా? వస్తాదు సెప్పుంటాడనుకున్న్యా. అందరమూ అట్లే పడినామమ్మా. పిల్లోడు బాగుండాడు, వాణ్ణి సూసేకి జనం వస్తాండారు. మాకూ కూడు కావల్ల గదా" అన్నాడు.

చెప్తానని మాటిచ్చినాను. సాయంత్రం తమ్ముడు వచ్చి, అరుగు మీద కూర్చోని ఒంటికి నూనె రాసుకుంటా పాట పాడుకుంటాండాడు. మెడ సంగతి చెప్తే ఎందుకని అడుగుతాడు. అడిగితే అంతా చెప్పాల. రేపు చెప్దాములే అనుకున్నాను. నాలుగు రోజులూ అట్లే అనుకున్నాను. వాడు కుప్పం బస్సెక్కినాడు.

గోదాలో ఆ పెద్దాయన్ని తల మీదికెత్తి నేలకేసినాడంట. జనం ఈలలేస్తాండారు, ఆయన మాత్రం లేవలేదు. ప్రాణం నిలిచింది గానీ చేతులు రెండూ పడిపోయినాయి. ఆసుపత్రిలో ఆయన భార్య మా తమ్ముడికి అంతా చెప్పింది, ఆయన మా ఇంటికొచ్చిన సంగతితో సహా.

వారం తర్వాత తమ్ముడు వచ్చి గుమ్మంలోనే నిలబడినాడు.

"నీకు తెలుసునా అక్కా?"

"తెలుసు."

"యాల సెప్పలేదు?"

'నీ సంతోషం చూసి చెప్పలేకపోయినాను' అనబోయి ఆపేసినాను. అది జవాబు కాదు.

"నాకు బలముండాదో లేదో గూడా తెలీదక్కా ఇప్పుడు. ఆయప్ప మీద మాత్రం ఉండింది" అన్నాడు.

అన్నం పెడతానంటే వద్దని పోయినాడు. మళ్లీ గోదాలోకి దిగలేదు. ఎనభైలంతా పెద్దమండ్యం పక్క బావులు తవ్వే పనికి పోతా బతికినాడు. తన పెళ్లికి నన్ను పిలిచినాడు, మా ఆయన పోయినప్పుడు వచ్చి నిలబడినాడు. ఎప్పుడు కలిసినా వానల గురించి, శెనక్కాయల గురించి మాట్లాడేవాడు. ఆ మాట మాత్రం వాడెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చెప్పడానికి నాకు నాలుగు రోజులు దొరికినాయి. ఆ తర్వాత ఇన్నేళ్లొచ్చినాయి గానీ, వాటిలో ఆ మాటకు పనికొచ్చే రోజు ఒక్కటీ రాలేదు.