రెక్కలంటే పడని డ్రుసిల్లాగారు

డ్రుసిల్లాగారిని పెళ్లాడతానన్న కవి ఒకడు ఆవిడని దేవదూత అని పిలిచి, మరొకావిడతో బోస్టన్ రైలెక్కేశాడట. అప్పట్నుంచి ఆవిడకి దేవదూతలంటే పడదని మా ఊళ్లో చెప్పుకునేవారు. రైలు సంగతి నాకు తెలీదు. పడదన్నది మాత్రం కళ్లారా చూశాను.

ఆవిడ కవయిత్రి, అంతకంటే ఎక్కువగా విమర్శకురాలు. మా వారపత్రికలో ఆవిడ శీర్షిక వచ్చే శనివారం కవులకి చిక్కుడుగింజల కూర గొంతు దిగేది కాదు. నాన్న పోయాక బడి మానేసి ఆ చలికాలమే ఆవిడ ఇంట్లో వంటకి చేరాను. ఏ పుస్తకం తెరిచినా కాసేపటికి కళ్లద్దాలు తీసి, కళ్లు నులుముకుని, "అమ్మాయ్, మళ్లీ రెక్కలే" అనేవారు. పాస్టరుగారి ప్రసంగంలో రెక్కలు వినిపిస్తే చర్చిలోనే అద్దాలు దిగేవి. కోడి వండితే, "రెక్కలు నాకు వెయ్యకు. ఈ వారానికి చాలు" అనేవారు.

మా ఊళ్లో ఏ ఇంట బిడ్డ పోయినా, ఆ బిడ్డ రెక్కలొచ్చి దేవదూత అయిందని పత్రికలో పద్యం పడాలి. కింద రాసినవాళ్ల పేరుండదు, అది మర్యాద. పడకపోతే ఆ బిడ్డని ఎవరూ తలుచుకోలేదన్నట్టే. ఆ పద్యాలనీ డ్రుసిల్లాగారు తన శీర్షికలో తిట్టకుండా వదిలేవారు కాదు.

మార్చిలో బట్టలుతికే కేజియా వచ్చింది. ఆమె చిన్న కూతురు జ్వరంతో పోయి వారం.

"మా లోయిస్‌కి పద్యం కావాలమ్మగారూ. నాకా రాయడం రాదు. చర్చి పెద్ద డీకన్‌గారి భార్య మిమ్మల్నే అడగమంది."

"ఎలాంటిది?"

కేజియా నన్ను చూసింది. నేను గోడని చూశాను.

"రెక్కలున్నది."

అద్దాలు దిగాయి. "తెల్లవా?"

"తెల్లవేనమ్మా. కాస్త పెద్దవి. మా పిల్ల బొద్దుగా ఉండేది."

డ్రుసిల్లాగారు చాలాసేపు కళ్లు నులుముకున్నారు. తర్వాత అద్దాలు పెట్టుకుని కలం తీశారు. "దానికేం ఇష్టం?"

"బెల్లం పాకం."

"పాకం పద్యంలో ఇమడదు కేజియా. రెక్కలు మాత్రం పెద్దవే వేస్తాను."

శనివారం పద్యం పడింది. పై శనివారం ఆవిడ శీర్షికలో ఇలా ఉంది: "లోయిస్ పద్యం రాసినవారికి రెక్కలు తప్ప లోకంలో ఇంకేమీ తెలిసినట్టు లేదు. ఆ రెక్కలు కూడా బాతువి. వారు బాగా అలసిపోయారు. ఇక పడుకోవడం మంచిది."

"ఇదేమిటమ్మగారూ?" అన్నాను.

"తిట్టకపోతే నేనే రాశానని పట్టేస్తారు. పైగా పద్యం నిజంగానే బాగాలేదు."

భయపడుతూనే కేజియాకి చదివి వినిపించాను. ఉతుకుతున్న బట్ట వదిలేసి, పిల్ల పోయాక మొదటిసారి, పకపకా నవ్వింది.

"తన్ని తనే తిట్టుకుందా? డీకన్‌గారి కవలల పద్యాన్నీ ఇలాగే తిట్టింది కదూ?"

"తిట్టారట."

"మిల్లు మేస్త్రీ కొడుకుదీ?"

"అదీనట."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

రైలెక్కిన కవి గురించి నాకిప్పటికీ తెలీదు. మా పత్రికలో పేరు లేకుండా పడ్డ దేవదూతలందరినీ రాసింది మాత్రం డ్రుసిల్లాగారే.