బేస్‌మెంట్‌లో బార్లీ మొలకలు

నేను కెనడా వచ్చి ఒషావాలో కాలేజీలో చేరిన ఏడాది గది దొరకడమే గగనమైంది. మన పిల్లలు ఒక్కో బేస్‌మెంట్‌లో అరడజను మంది సర్దుకుంటున్న రోజులవి. దగ్గర్లోని ఏజాక్స్ ఊళ్లో ఒంటరిగా ఉంటున్న ఒక స్కాట్లాండ్ పెద్దావిడ తన బేస్‌మెంట్‌ను నాకూ, నా క్లాస్‌మేట్ అయిన గుంటూరు అమ్మాయికీ అద్దెకిచ్చింది. మేమామెను ఆంటీ అనేవాళ్లం. "నేను మీకు చుట్టమెలా అయ్యాను?" అని మొదట్లో అడిగింది గానీ, తర్వాత ఆ పిలుపే ఆమెకు నచ్చింది.

ఆమె వంటింటి గోడకు ఒక ఫొటో ఉండేది. తెల్లటి గోడల పొడవాటి కట్టడం, ముందు చెక్కపారలు పట్టుకున్న మనుషులు. వాళ్లలో ఒకాయన కుడి భుజం కిందికి జారి ఉంది.

"మా నాన్న," అంది ఆంటీ ఒక ఆదివారం టీ పోస్తూ. "విస్కీ డిస్టిలరీలో బార్లీ తిరగేసి తిరగేసి ఆ భుజం అలా అయిపోయింది."

ఆ డిస్టిలరీ పేరు స్కాట్లాండ్‌లోనే చాలామందికి తెలియదట. మిగిలిన బార్లీని ఏం చేసుకోవాలో తెలియని రైతులు కొందరు వాగు పక్కన కట్టుకున్నారట. యుద్ధకాలంలో గింజలు దొరక్క మూతపడి, మళ్లీ తెరుచుకుంది. అక్కడి సరుకంతా పీపాల్లో పెద్ద కంపెనీలకు పోయి, వాళ్ల సీసాల్లో కలిసిపోయేది. సొంత పేరుతో అమ్మింది చాలా తక్కువ.

"మా విస్కీకి సిగ్గెక్కువ," అంది ఆంటీ. "ముందు తేనె వాసన, తర్వాత కాల్చిన రొట్టె, చివర్లో ఎక్కడో కొంచెం పొగ. ఓపికగా కూర్చుంటేనే తెలుస్తుంది."

బార్లీని ఎందుకు తిరగేయాలని అడిగాను. నానబెట్టి, నేల మీద పరిచి మొలకెత్తిస్తారనీ, కదపకపోతే వేళ్లు అల్లుకుని గడ్డ కడుతుందనీ, తర్వాత సన్నసెగ మీద ఆరబెడితే మాల్ట్ అవుతుందనీ చెప్పింది.

నాకు నవ్వొచ్చింది. "ఆంటీ, మా అమ్మ రాగులతో చేసేది కూడా ఇదే! మేం జావ కాచుకుని తాగుతాం."

ఆమె కప్పు కింద పెట్టింది. "అయితే నీకు మాల్ట్ చేయడం వచ్చన్నమాట!"

ఆ వారమే టొరంటోలోని ఎటోబికోలో పార్ట్‌టైమ్ షిఫ్ట్ అయ్యాక, ఇండియన్ షాపులో బార్లీ కొనుక్కొచ్చాను. నానబెట్టి గుడ్డలో కట్టాను. మొలక రాలేదు గానీ పులిసిన కంపు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

"ఏంటే ఇది, సారా కాస్తున్నావా?" అంది రూమ్మేట్ ముక్కు మూసుకుని. "ఓనర్ చూస్తే ఇద్దర్నీ వెళ్లగొడుతుంది!"

"ఓనరే చేపిస్తుందే!" అన్నాను.

ఆంటీ ఒక గింజను కళ్లజోడు దగ్గర పెట్టుకుని చూసి పకపకా నవ్వింది. "ఇది పాలిష్ పట్టింది. పొట్టుతో పాటు ప్రాణం కూడా పోయింది."

మర్నాడు ఊరి బయట పశువుల దాణా అమ్మే కొట్టుకు తనే డ్రైవ్ చేసి తీసుకెళ్లి, పొట్టు తీయని బార్లీ కొనిపించింది. ఈసారి బేస్‌మెంట్‌లో నేల మీద దుప్పటి పరిచి పోశాం. ఆంటీ పొద్దునా సాయంత్రం మెట్లు దిగొచ్చి చెక్క గరిటెతో తిరగేసేది. నాన్నలా భుజం వంచి నడిచి మమ్మల్ని నవ్వించేది. తెల్లటి వేళ్లు రాగానే రూమ్మేట్ కూడా మెత్తబడింది. కాలేజీ నుంచి వచ్చి బ్యాగ్ పడేసి ముందు వాటినే చూసేది.

ఓవెన్‌లో ఆరబెట్టిన రోజు ఇల్లంతా కమ్మటి వాసన. ఆంటీ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చిన్నప్పుడు స్కూలు నుంచి వస్తుంటే మలుపు తిరగ్గానే ఇదే వాసన," అంది.

బయటి ఫ్యాక్టరీ నుంచి మాల్ట్ లారీల్లో డిస్టిలరీకి రావడం మొదలయ్యాక నాన్న పని పోయిందనీ, అందుకే ఒషావాలో కార్ల ఫ్యాక్టరీకి వచ్చారనీ అప్పుడు చెప్పింది. డిస్టిలరీ ఇంకా నడుస్తోందట. బార్లీ పరిచిన గది మాత్రం టూరిస్టుల కాఫీ షాపయింది. "అక్కడ కేకులు బాగుంటాయని విన్నాను," అంది, కోపమేమీ లేకుండా.

మాల్ట్ పొడి చేసి, జల్లించి, పాలూ బెల్లం వేసి జావ కాచాను. ఆంటీ అల్మారాలోంచి ఆ డిస్టిలరీ సీసా తీసి, తన కప్పులో ఒక మూతెడు విస్కీ కలుపుకుంది. మేం మాకు వద్దన్నాం. ఆమె ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది.

"విస్కీలో పాలు పోశానని తెలిస్తే నాన్న నన్ను ఇంట్లోంచి గెంటేసేవాడు."

"బాలేదా ఆంటీ?"

"చాలా బాగుంది. ఇంకాస్త జావ పొయ్యి."

ఆ చలికాలమంతా పొద్దున్నే మా ముగ్గురికీ అదే టిఫిన్.