తెల్లగుడ్డ మీద నూనెచుక్క

నా చిన్నప్పుడు, మా అవ్వ పోయిన ఇంట్లో ఏడవని మనుషులం ఇద్దరమే. ఒకరు మా తాత, ఇంకొకరు నేను. ఆయన మగవాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నాకు తొమ్మిదేళ్ళు, పైగా ఆడపిల్లను, అవ్వ పక్కలో పడుకుని పెరిగినదాన్ని. అందువల్ల నన్ను మాత్రం అందరూ అడిగారు.

మాది పళ్ళిపట్టు దగ్గర నేతపనివాళ్ళ ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, మగ్గం దగ్గర రెండూ. చావింట్లో మా వైపు ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఒప్పారి పెడతారు. అంటే పోయినవాళ్ళ మంచితనాన్ని పాటగా అల్లుకుంటూ ఏడుస్తారు. బస్సు దిగి కొత్త చుట్టం గుమ్మంలో అడుగు పెట్టినప్పుడల్లా అది మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. నన్ను ఆ గుంపులో కూర్చోబెట్టారు. రెండు రోజులు కూర్చున్నాను, ఏడుపు రాలేదు. అవ్వ మీద ప్రేమ లేక కాదు. నాకేమీ తెలియడం లేదు, అంతే. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినా తెలియదు చూడండి, అలాగ. మా పెద్దత్త నిజంగానే గిల్లింది, తొడ మీద. "ఏమ్మే, నీది రాతిగుండెనా? నిన్ను పెంచిన ముసిల్ది పోయినాదే!" అంది. గిల్లిన చోట చర్మం ఎర్రగా కందుతుంటే, అది ఇంకెవరి తొడో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున మా తాత గుమ్మంలోకి వచ్చి నా వైపు చెయ్యి చూపించాడు. "ఆ పిల్లకి పనుండాది, పంపండి" అన్నాడు. ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. నేను లేచి ఆయన వెనకాలే మగ్గం గదిలోకి వెళ్ళాను.

చావు మైల ఉన్నన్నాళ్ళూ మా ఇళ్ళలో మగ్గం ఆడదు. మాకున్నది ఒకే ఒక కరెంటు మగ్గం. దాని మోటరు పక్కన ఒక ఇనప డబ్బా, అందులో రెండు పళ్ళచక్రాలు నూనెలో మునిగి తిరిగేవి. ఆ నూనె మార్చాలని మా తాత అంటే పెద్దత్త గుమ్మంలో నిలబడి నొసలు చిట్లించింది. "నేసేది కాదు కదా, నూనె మారిస్తే మైలేముంది?" అని ఆమెను పంపించేశాడు.

పాత నూనెను డబ్బా కింద నుంచి రేకు గిన్నెలోకి వదిలాడు. ఆ తర్వాత తను నేసిన తెల్ల వేష్టి పంచె నుంచి జానెడు ముక్క కత్తిరించి, దాని మీద ఆ నల్ల నూనె ఒక్క చుక్క వేశాడు. మగ్గమున్న ఇంట్లో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది అదెంత వింతో. గుడ్డ మీద నూనెచుక్క పడితే ఆ గుడ్డ చచ్చినట్టే. తలకి నూనె రాసుకున్న రోజు మా పిల్లలెవరినీ ఆయన ఆ గదిలోకి రానిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి తన చేత్తో తనే వేశాడు.

ఆ ముక్కను కిటికీ ఊచకు కట్టి, నన్ను ఎదురుగా పీట మీద కూర్చోబెట్టాడు. "ఇది పాకతా ఉంటాది. ఎప్పుడు ఆగతాదో చూసి నాకు చెప్పు. అంతవరకు యాడికీ పోవాకు" అన్నాడు.

చూస్తూ కూర్చున్నాను. నడుమ నల్లటి బొట్టు, దాని చుట్టూ టీ రంగు, ఇంకా బయటికి పోయేకొద్దీ పలచన. పాకుతున్నట్టు కంటికి కనబడదు, కానీ కాసేపటికి చూస్తే పెద్దదై ఉంటుంది. పెద్దత్త రెండుసార్లు పిలిచింది, తిరుత్తణి నుంచి ఎవరో వచ్చారట. "పనిలో ఉన్నా" అన్నాను. ఆ మాట అనడం నాకెంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది. మధ్యాహ్నం తాత అక్కడికే అన్నం తెచ్చిపెట్టాడు. తను తినలేదు.

పొద్దు వాలేటప్పటికి చుక్క ఆగింది. చెప్పాను. ఆయన గుడ్డను కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. నల్లటి చోట సన్నగా రెండు మూడు మెరుపులు కనిపించాయి, ఇనప రజను. "కొంచెం అరిగినాది. అయినా తిరగతాదిలే" అన్నాడు. అప్పుడు అడిగాను, నాకు ఏడుపెందుకు రావడం లేదని. ఆయన కొత్త నూనె పోస్తూ, నా వైపు చూడకుండానే చెప్పాడు.

"నాకూ రాలేదు. వచ్చేటప్పుడు వస్తాది, పిలిస్తే వచ్చేది కాదది. లోపలేముందో చూడకుండా మాత్రం మూత బిగించొద్దు."

మగ్గం గురించే చెప్పాడనుకున్నాను. నెల తర్వాత, ఎప్పుడూ అవ్వే చుట్టే నూలు కండెలు ఇంకెవరో చుట్టారు, వాటిలో నూలు మాటిమాటికీ తెగింది. మగ్గం ఆగింది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఎవరూ చూడలేదు, తాత తప్ప. ఆయన చూడనట్టు లేచి బయటికి వెళ్ళాడు.

నాకు పెళ్ళయి మణవాళనగర్ వచ్చాను. మా ఆయన తిరువళ్ళూరులో ఒక మిల్లు యజమాని దగ్గర డ్రైవరు. ముప్పై ఏళ్ళు ఒకటే ఉద్యోగం. ఆ యజమాని ఒకప్పుడు మోజు పడి కొన్న విలాసమైన కారొకటి, పాతబడి, కొనేవాళ్ళు లేక షెడ్డులో పడి ఉంటే, ఈయన ఉద్యోగం మానేసే రోజున దాన్ని చేతిలో పెట్టాడు. పెట్రోలు నీళ్ళలా తాగుతుంది. మా సందులో తిరగదు. ఏనుగును ఇంటికి తోలుకొచ్చారని నేను ఎన్ని మాటలన్నానో లెక్క లేదు. ఆయన నవ్వి, నెలకొక్కసారి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి తిరుత్తణి కొండకింద దాకా తీసుకెళ్ళి, టిఫిను పెట్టించి తెచ్చేవాడు. ముందు సీట్లో కూర్చుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. ఇన్నేళ్ళూ వెనక సీటు తలుపు ఎవరికో తీశాను, ఇప్పుడు నీకు తీస్తాననేవాడు.

ఆ కారు ఇంజను మీద సూపర్‌ఛార్జర్ అని ఒకటుంది. గాలిని అదిమి ఇంజనులోకి తోసే పరికరం. ఇంజను నూనె వేరు, దాని నూనె వేరు. దాని ముందు భాగంలో చిన్న గూడులాంటి చోట రెండు పళ్ళచక్రాలు నూనెలో తిరుగుతాయి. ఆరేడేళ్ళ కిందట ఆయన ఆ నూనె మారుస్తుంటే టార్చి పట్టుకుని నిలబడింది నేనే. ఏ పని చేసినా పాఠం చెప్పినట్టు చెప్పుకుంటూ చెయ్యడం ఆయన అలవాటు.

ఈ ఏడాది ఆయన పోయాడు. గుండె. ఆస్పత్రిలో ఒక్క పూట. ఒప్పారి ఇప్పుడు మా ఇళ్ళలో తగ్గిపోయింది, కుర్చీలు వేసి కూర్చోబెడుతున్నారు. అయినా చూసే కళ్ళు అవే. పదహారో రోజు కర్మ అయిపోయింది, నెల దాటింది, నా కంట చుక్క నీరు లేదు. అన్నం వండుకునేదాన్ని, తినేదాన్ని, టీవీ పెట్టుకునేదాన్ని. ఎవరేమడిగినా సరే అనేదాన్ని.

చుట్టాలు కారు అమ్మెయ్యమన్నారు, సరే అన్నాను. పక్కవీధి మెకానిక్, నేను తమ్ముడూ అని పిలిచే కుర్రాడు, వచ్చి స్టార్ట్ చేసి చూశాడు. ముందు వైపు గలగలమని చప్పుడు. సూపర్‌ఛార్జర్ లోపల బేరింగులు పోయుంటాయని, అది మార్చే ఖర్చుకు ఇంకో కారే వస్తుందని, పాత ఇనుముకు ఇచ్చెయ్యడమే మేలని చెప్పాడు. రెండు రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి ఇనపకొట్టు మనిషిని తీసుకొస్తానన్నాడు. దానికీ సరే అన్నాను. ఆ కారు పోతే ఆయన ఇష్టంగా చెయ్యి వేసిన వస్తువు ఇంక ఏదీ మిగలదని నాకు తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు.

అప్పగించే రోజు పొద్దున షెడ్డులో షెల్ఫు ఖాళీ చేద్దామని వెళ్ళాను. అక్కడ దగ్గుమందు సీసా అంత చిన్న సీసా, మూత కూడా విప్పలేదు. పక్కన పశువులకు వాడే పెద్ద సిరంజి, దాని మూతికి తొడిగిన సన్నటి గొట్టం. ఈ ఆదివారం మార్చేస్తా, ఈ ఆదివారం మార్చేస్తా అని ఆయన పోయే ముందు మూడు ఆదివారాలుగా అన్న నూనె అదే. కారు కాగితాల కోసం మెకానిక్ తమ్ముడు వస్తే, ఇది మార్చి చూడమన్నాను.

"వేండాం అమ్మా. దానికి నూనె మార్చే పనే లేదు. జీవితాంతం వస్తాదని కంపెనీవోళ్ళే చెప్పినారు" అన్నాడు.

"ఎవురి జీవితాంతం తమ్ముడూ?" అన్నాను.

అతను కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. పాపం, అతనిమీద నాకు కోపమేమీ లేదు.

నేనే బానెట్ ఎత్తాను. ఇంజను మీది నల్ల ప్లాస్టిక్ మూత ఊడదీశాను. సూపర్‌ఛార్జర్ ముందు భాగంలో ఉన్న చిన్న బిరడాను అల్లెన్ కీతో విప్పడానికి నా మణికట్టు చాల్లేదు, రెండు చేతులూ వేసి ఊగితే కదిలింది. ఇంజను చల్లగా ఉండాలని ఆయన చెప్పేవాడు. చల్లదనానికేం, ఈ నెలా పదిహేను రోజుల్లో దాన్ని తాకింది మెకానిక్ తమ్ముడు ఒక్కడే, అదీ రెండు రోజుల కిందట. నూనె కిందికి వదలడానికి దానికి దారి లేదు, పైనుంచే గొట్టం దించి లాగాలి. సిరంజిని మెల్లగా లాగాను. నల్లగా, టీగ్లాసుడు కంటే కాస్త తక్కువ వచ్చింది. వాసన ముఖానికి కొట్టింది. మామూలు నూనె వాసన కాదు, కుళ్ళిన గుడ్డూ మాడిన వెల్లుల్లీ కలిపినట్టు ఉంటుంది. పోయినసారి అది ఆయన చేతులకు నాలుగు రోజులు వదల్లేదు. చింతపండు పెట్టి తోమించాను, బూడిద పెట్టి తోమించాను. చివరికి వంటింట్లోకి రానివ్వకుండా వసారాలో కంచం పెట్టి స్పూను ఇచ్చాను.

అదంతా గుర్తుకొచ్చింది, కానీ ఎవరో చెప్తే విన్నట్టే ఉంది.

కొత్త నూనె పోసి బిరడా బిగించేద్దామనుకుని ఆగాను. ఇంట్లోకి వెళ్ళి ఆయన తెల్ల వేష్టి అంచు చింపి, దాని మీద ఒక్క చుక్క వేసి బట్టల దండేనికి కట్టాను. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల ఇనుము అరిగి ఉంటే మెరుపు కనబడుతుంది, అప్పుడు కారు ఇచ్చేద్దాం. లేకపోతే ఉంచుకుందాం. అంతే అనుకున్నాను. పక్కింటి అక్క గోడ మీద నుంచి తొంగి చూసి, ఎండలో ఏం చేస్తా ఉండావని అడిగింది.

"పనిలో ఉండా అక్కా" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక, యాభై ఏళ్ళు దాటి మా తాత మగ్గం గది వాసన కొట్టింది. చుక్క పాకుతూనే ఉంది. నడుమ నలుపు, చుట్టూ టీ రంగు. వేడికి తొందరగానే ఆగింది. లేచి గుడ్డను ఎండకు అటూ ఇటూ తిప్పాను. నల్లగా ఉంది, చిక్కగా ఉంది, ముసలిదైపోయింది నూనె. కానీ మెరుపు లేదు. ఇంకోసారి తిప్పాను. లేదు.

సిరంజి కడిగి, కొత్త నూనె నింపి, రంధ్రం అంచు దాకా వచ్చేవరకు కొంచెం కొంచెంగా పోశాను. బిరడా బిగించి తాళం తిప్పాను. చప్పుడు పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది.

మూడింటికి ఇద్దరూ వచ్చారు. మెకానిక్ తమ్ముడికి గుడ్డ చూపించాను. అతను గోటితో గీకి చూశాడు. "ఇనుము లేదమ్మా. అట్లయితే బేరింగు బాగుండాది. ముందరుండే చిన్న ముక్క అరిగుంటాది, అది మారిస్తే ఈ చప్పుడు కూడా పోతాది. అవ్వళవుదా!" అన్నాడు. అంతేనా, అని తనకు తనే చెప్పుకున్నట్టు. ఇనపకొట్టు మనిషి వచ్చినందుకు టీ తాగి వెళ్ళాడు.

వాళ్ళు వెళ్ళాక గుర్తొచ్చింది, అన్నం తినలేదని. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాను. రసం అన్నం కలిపి ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ వాసన. "ఆ చేత్తోనే అన్నం తింటారా? పోయి కడుక్కోని రాండి!" అని, ఆయనే ఎదురుగా కూర్చున్నట్టు, గట్టిగా అరిచాను. ఇల్లంతా వినబడింది. ఆ రోజు వసారాలో ఆయన స్పూను పక్కన పెట్టి, నేను చూడడం లేదనుకుని చేత్తోనే తిన్నాడు. అది చూసి కూడా నేను ఏమీ అనలేదు. అప్పుడొచ్చింది ఏడుపు. ఎంతసేపో తెలియదు, అన్నం మాత్రం చల్లారిపోయింది. ఆ చేత్తోనే తిన్నాను.

మా తాత దగ్గర నేర్చుకున్నదొకటి నేను జీవితమంతా చేస్తూనే ఉన్నాను. ఎవరింటికి పరామర్శకు వెళ్ళినా ఏడవని మనిషిని వెతుక్కుంటాను. ఉల్లిపాయలు తరగమంటాను, నీళ్ళు పట్టమంటాను, చెప్పులు వరసగా పెట్టమంటాను. ఏదో ఒక పని చెప్పి ఆ గుంపులోంచి లేపుతాను. ఈయన పోయినప్పుడు నాకు మాత్రం ఎవరూ పని చెప్పలేదని మనసులో ఒక నిష్ఠూరం ఉండేది. ఇప్పుడు లేదు. నా పని ఈయనే ఆ షెల్ఫు మీద సీసా, సిరంజి, గొట్టం తొడిగి మరీ పెట్టిపోయాడు.