పెంటవ్వ పిల్లల లెక్క

పెంటవ్వకు లెక్కలు రావని ఎవరైనా అంటే నమ్మకండి. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు పోయే రోజుల్లో ఏ బండికి ఎన్ని మోపులు ఎక్కాయో మేస్త్రీ ఆమెనే అడిగేవాడు. అతని కాగితం తప్పేది గానీ ఆమె నోరు తప్పేది కాదు. ఒక్క లెక్క మాత్రం ఆమె చచ్చినా వేసేది కాదు. అది పిల్లల లెక్క. "ఎంతమందే నీకు?" అని అడిగితే "దేవుడిచ్చినంత మంది" అని కొంగు దోపుకుని పోయేది.

దానికి కారణం లేకపోలేదు. పెంటవ్వకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదని, ఈమెను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకొచ్చి ఆ పేరు పెట్టారు. పారేసిన పిల్ల మీద చావు కన్ను పడదని నమ్మకం. "పిల్లలను లెక్కవెట్టద్దు బిడ్డా, దిష్టి తాకుతది" అని తల్లి చెప్పిన మాట పెంటవ్వ ఒక్కసారే మరిచిపోయింది. జాతరలో గాజులామె అడిగితే సంబరంగా "ఐదుగురు" అంది. ఆ వానాకాలమే తట్టు పోసి, వారం తిరక్కుండా ఇద్దరు పోయారు. గాజులామె పాపం ఏ పాపమూ ఎరుగదు. అయినా పెంటవ్వ మళ్లీ ఆమె దగ్గర గాజులు వేయించుకోలేదు.

డెబ్బై ఆరులో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఆ చుట్టుపక్కల ఊళ్లకు కొత్త భయం పట్టుకుంది. ముగ్గురు పిల్లలున్న మొగవాళ్లను జీపులో ఎక్కించుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తున్నారట. చేయించుకున్నవాడు ఇక బరువెత్తలేడట. నిజమెంతో ఎవరూ కనుక్కోలేదు, భయపడటానికి అంత నిజం అక్కర్లేదు కూడా. పెంటవ్వ మొగుడు ఎర్రన్న చెరుకు మోపులెత్తి బండ్లు నింపే మనిషి. గుంటెడు భూమి లేని ఆ ఇల్లు అతని నడుము మీదే నడిచేది. అందుకే బోధన్ నుంచి గుమాస్తా ఆత్మారాం ఇంటింటి వివరాలు రాసుకోవడానికి వచ్చినప్పుడు, బడికి పోయే పెద్దోణ్ని, చంకలోని చిన్నోణ్ని చూపించి "గీ ఇద్దరే" అంది పెంటవ్వ. మధ్యది, ఏడేళ్ల గంగు, ఆ రోజు నవీపేట్‌లో అమ్మమ్మ దగ్గరుంది.

నెల తిరక్కముందే ఊళ్లో చాటింపు వేసే హన్మాండ్లు డప్పు కొట్టాడు.

"రేపు పొద్దుగాల బడిల పిల్లల లెక్కల సినిమ ఏస్తరు. తల్లులు, పిల్లలు అందరు రావాలె."

పెనం మీద జొన్నరొట్టె మాడుతున్నా పెంటవ్వకు తెలియలేదు.

"ఇన్నవా? పిల్లల లెక్క తీస్తరట," అంది మొగుడితో.

"సినిమ అన్నడు గదనే."

"ఎలుకకు బోనుల కొబ్బరిముక్క ఎందుకు వెడుతరు? పైస తీసుకోకుంట ఫుకట్ల సినిమ ఎవడన్న సూపెడుతడా?"

ఎర్రన్న తెల్లారకముందే చెరుకుతోటలోకి జారుకున్నాడు. పెంటవ్వ గంగును పక్కింటి రుక్మాబాయికి అప్పజెప్పి, "సినిమ అయ్యేదాంక గడప దాటనియ్యకు అక్కా" అంది. గంగు ఏడ్చింది. సినిమా అనే మాట వినడమే గానీ ఆ పిల్ల ఎన్నడూ చూసి ఎరుగదు. అయినా పెంటవ్వ మాట మార్చలేదు. పోకపోతే అనుమానం వస్తుందని మిగిలిన ఇద్దరినీ తీసుకుని బడికి బయల్దేరింది.

బడి ముందు జీపు ఉంది. జీపులోంచి దిగినవాడు ఆత్మారామే. ఇంకేం కావాలి? గదిలోకి పోతే కిటికీలకు గోనెసంచులు కడుతున్నారు. గోడకు తెల్ల దుప్పటి, అచ్చం దవాఖానలో పరిచేలాంటిది. పెంటవ్వ చిన్నోణ్ని గట్టిగా అదుముకుని తలుపు పక్కన కూర్చుంది.

అసలు సంగతి వేరే. నిజామాబాద్‌లో రామ్‌దాస్ అనే డ్రాయింగు మాస్టారు రెండేళ్లు కూర్చుని, వేల కాగితాల మీద కోడిని, కోడిపిల్లలను గీసి, పిల్లలకు లెక్కలు నేర్పే బొమ్మల సినిమా ఒకటి తయారుచేశాడు. ఇది మొదటి భాగం. మూడు ఊళ్లలో వేసి చూస్తారు, పిల్లలకు అర్థమైతేనే మిగతా భాగాలు. జనాన్ని పోగుచేసే పని ఆత్మారాం నెత్తిన పడింది. ఈ ముక్క డప్పులో చెప్పి ఉంటే సగం ఊరు నిమ్మళంగా ఉండేది.

దుప్పటి మీద కోడి నడిచింది. వెనకే ఐదు పిల్లలు. ఒకటి తన నీడను చూసి బెదిరి బోర్లా పడితే గదంతా నవ్వు. పెంటవ్వకూ నవ్వొచ్చింది, కొంగుతో నోరు మూసుకుంది. అంతలో బొమ్మలోని గొంతు అడిగింది: "ఈ కోడికి ఐదు పిల్లలు. అందులో రెండు పోయాయి. మరి ఇంకెన్ని మిగిలాయి?"

పెంటవ్వ నవ్వు ఆగిపోయింది. ఐదుగురని, ఇద్దరు పోయారని వీళ్లకెవరు చెప్పారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేచి నిలబడింది.

"ఇద్దరే సారూ. నాకు ఇద్దరే."

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు కిటికీ మీది గోనెసంచి తొలగి వెలుతురు పడింది. వెలుతురులో, రుక్మాబాయి కన్నుగప్పి వచ్చిన గంగు మొహం.

"ఇద్దరు కాదవ్వా, ఐదుల రెండు పోతే మూడు."

"శబాష్ బిడ్డా," అని సినిమా మిషన్ తిప్పుతున్న రామ్‌దాస్ దాన్ని ఆపి పరుగున వచ్చాడు. రెండేళ్ల కష్టానికి వచ్చిన మొదటి జవాబు అది. ఆత్మారాం మాత్రం తల్లిని పిలిచే 'అవ్వా' అన్న పిలుపు దగ్గరే ఆగిపోయాడు.

"గీ పిల్ల నీ బిడ్డనా? ఇద్దరే అని రాయించినవ్ గదా?"

పెంటవ్వ అతనికి జవాబు చెప్పకుండా మాస్టారి వైపు తిరిగింది. "నా ఇద్దరు పోయిన ముచ్చట నీకెవరు చెప్పిండ్రు సారూ?"

రామ్‌దాస్‌కు కాసేపటికి గానీ తలకెక్కలేదు. ఎక్కాక చేతులు జోడించాడు. "నాకెవరూ చెప్పలేదమ్మా. అది తీసివేత లెక్క. లెక్కల్లో 'పోతే' అంటే తీసేస్తే అని, అంతే."

"తీసేసుడా?" అంది పెంటవ్వ. "ఎవరు తీసేసిండ్రు సారూ? నేనైతే తియ్యలే."

గంగు కిటికీ దిగి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. చెరుకుతోటలో దాక్కున్న మొగుడు, అతని నడుము, జీపు, అన్నీ పెంటవ్వకు గుర్తున్నాయి. అయినా గంగును తన ముందుకు, అందరికీ కనబడేటట్టు నిలబెట్టుకుంది.

"తప్పు రాయించిన. ఐదుగురని రాసుకో," అంది ఆత్మారాంతో.

"సచ్చినోళ్లను రాయరాదమ్మా."

"గట్లయితే మూడు నువ్వు రాసుకో. గా రెండు నేను యాదుంచుకుంట."

ఆత్మారాం కలం చేతిలోకి తీశాడు గానీ, మూత మాత్రం తీయలేకపోయాడు.