దించి చూడకుండా ఆయన సైకిల్ అమ్మలేదు

పోయిన వారం మంగళవారం ఉదయం ఐదూ నలభైకి పుంగనూరులో సైకిల్ షాపు పెద్దాయన చనిపోయారు. గుండెపోటు. ఆరున్నరకు ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేను మదనపల్లెలో ఇంట్లోనే ఉన్నాను. ఆ వచ్చే ఆదివారమే షాపుకు రమ్మని ఆయన నాకు ముందే చెప్పి ఉన్నారు. నాకోసం పక్కన పెట్టిన రెండు సైకిళ్లలో ఏది తీసుకోవాలో ఆ రోజు తేలాలి.

వచ్చే మంగళవారం నేను కుప్పం బయల్దేరాలి. తారు రోడ్డు మీద కాదు, గొర్రెలు నడిచే మట్టిబాటల్లో. కాపరుల మీద కథనాలు రాస్తానని పత్రికకు మాటిచ్చాను. గుట్టలు ఎక్కడానికి భయం లేదు, దిగడానికే. నిరుడు నిమ్మనపల్లె దగ్గర గులకరాళ్ల వాలులో పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాను. ఎముక అతికింది. చేతులు మాత్రం ఇప్పటికీ వాలు కనబడగానే బ్రేకులను బిగించేస్తాయి.

పడిన సైకిల్‌ను ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన టైరు నొక్కి చూశారు. రాయిలా ఉంది. మాది పాలు పోసే ఇల్లు. వెనక క్యాన్లు కట్టుకుని తిరిగేవాళ్లం గనుక, గాలి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని చిన్నప్పుడే నేర్చుకున్నాను.

“పాలు యాడుండాయప్పా నీ ఎనకాల? గాలి మాత్రం రెండు క్యాన్లకు కొట్టుకోనుండావు” అన్నారు.

షాపులో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. బొటనవేలు కాస్త లోపలికి దిగేదాకా గాలి వదిలారు. గట్టి టైరు రాయి మీద ఎగురుతుందనీ, మెత్తటిది పట్టుకుంటుందనీ చెప్పారు.

కొనేవాళ్ల సామాను సైకిల్‌కు కట్టించి, షాపు వెనక గుట్టబాట మీదికి తోయించేవారు. తోయలేనిది తొక్కలేరన్నది ఆయన లెక్క. తర్వాత సైకిలెక్కి వాలులో కిందికి దిగమని, తాను కింద నిలబడి వాళ్ల చేతులే చూసేవారు. శాంతిపురం నుంచి వచ్చిన క్వారీ మేనేజరు ఒకాయన్ను, వేళ్లు బ్రేకుకు సరిగా అందడం లేదని రెండుసార్లు వెనక్కి పంపారు. లావు టైరు, తక్కువ గాలి, చేతికందే బ్రేకు. రంగు మాత్రం కొనేవాడి ఇష్టం.

నాకోసం ఉంచిన వాటిలో ఒకటి ఉక్కుది, బరువు. ఇంకోటి తేలిక, ముందు స్ప్రింగులున్నాయి. నాకు రెండోదే నచ్చింది. మంచిది ఏదో చెప్పమన్నాను.

“దించకుండా ఎట్ల సెప్పేది? నీ బయం దేని మీద తగ్గుతాదో నీ సేతులే సెప్తాయి.”

మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆ వాకిట్లో సైకిల్ ఊసెత్తడానికి సిగ్గనిపించింది. ప్రయాణం వాయిదా వేయమని ఎడిటర్‌కు మెసేజ్ రాసుకుని ఉన్నాను, పంపలేదు. చక్రాలు బిగించే పని చాన్నాళ్లుగా కూతురిదే. ఆమే ఆ మాట ఎత్తింది.

“నాయన ఏదని సెప్పిపోలేదన్నా. దించి సూడకుండా మాత్రం ఇయ్యొద్దన్నాడు.”

నేను గుట్ట దిగుతుంటే చూసి చెప్పగలవా అని అడిగాను.

“నాయన యాడ సూస్తాండెనో నేనూ ఆడే సూస్తా. తప్పయితే తప్పని సెప్తా. ఏడస్తే మాత్రం నవ్వుతా.”

రేపు శుక్రవారం పెద్దదినం, పదకొండో రోజు కర్మ. ఆదివారం ఉదయం ఏడింటికి ఆమె షాపు తెరుస్తుంది. మూడు రోజుల ప్రయాణానికి సరిపడే సామానుతో నేను వెళ్లాలి. ముందు ఉక్కు సైకిల్, తర్వాత తేలికది. గుట్ట కింద ఆమె నిలబడుతుంది.