మా బాబాయి మీ కంప్యూటర్ విప్పుతాడు

మా బాబాయికి ఉన్నది ఒకే ఒక్క రోగం. కంప్యూటర్ కనబడితే చాలు, దాని పక్క రేకు విప్పి లోపల దుమ్ము దులపకుండా ఉండలేడు. దులిపి ఊరుకుంటే రెండు చేతులా దండం పెట్టేవాళ్ళం. ఆ దుమ్ము ఎవరి బద్ధకం వల్ల చేరిందో తేల్చి, వాళ్ళని నలుగురిలో నిలబెట్టి నాలుగు చీవాట్లు పెడితేగానీ రేకు మళ్ళీ బిగించడు.

కాలు విరిగి మంచాన పడ్డ మా మేనమామని చూడడానికి ఒకసారి ఇద్దరం వెళ్ళాం. నేను మంచం పక్కన కూర్చున్నాను. బాబాయి బల్ల కింద కూర్చున్నాడు.

“ఎలా ఉంది బావా?” అని బల్ల కిందినుంచే పలకరించాడు.

“కాస్త నయం బావా. డాక్టరు ఇంకో నెల...”

“నీ కాలు సంగతి ఎవరడిగారయ్యా? ఈ డబ్బా సంగతి చెప్పు. ఈ దుమ్ముతో పరుపు కుట్టించుకోవచ్చు! రోజుకి రెండుసార్లు నీ మొహం తుడుచుకుంటావే, దీనికి ఊపిరాడక్కర్లేదా?”

కాలు విరిగినవాడే క్షమాపణ చెప్పుకున్నాడు. మేం తీసుకెళ్ళిన పళ్ళు నా ఒళ్ళోనే ఉండిపోయాయి.

ఇక ఆయన పద్ధతి చూడాలి. ముందు కంప్యూటర్ ఆపాలి, తర్వాత ప్లగ్గు పీకాలి. పీకాక కూడా ఆన్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి, లోపల మిగిలిన కరెంటు పోవాలట. ఆపైన డబ్బా ఇనప రేకుని చేత్తో ముట్టుకోవాలి, మన ఒంట్లో కరెంటు పోవాలట. మా బాబాయి కరెంటంతా నోట్లోనే ఉంది కాబట్టి అది ఏ రేకు ముట్టుకున్నా పోలేదు. అప్పుడు డబ్బాని వరండాలోకి మోయాలి. మోసేది నేను. ఫ్యాను గిర్రున తిరిగి పాడవకుండా రెక్కని వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో దులుపుతూ, రబ్బరు బుడ్డి నొక్కి కొంచెం కొంచెంగా గాలి కొడతాడు.

“నోటితో ఉఫ్‌మని ఊదేస్తే పోదా?” అని ఒకసారి పొరపాటున అడిగాను.

“ఊదు నాయనా, ఊదు. నీ ఉమ్మి కూడా లోపల ఒక పార్టే అనుకుంటుంది పాపం!”

మా పిన్ని ఒకరోజు ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ ఈడ్చుకొచ్చింది. “దీంతో లాగేయండి, నిమిషం పని” అంది.

“దాంతో పుట్టే కరెంటుకి చిప్పులు మాడిపోతాయి. తెలియకపోతే నోరు మూసుకోవాలి.”

“ముప్ఫై ఏళ్ళనుంచి మీ బీరువా దులుపుకోండని మొత్తుకుంటున్నా. పోనీ దానికి ఫ్యాను బిగిస్తే దులుపుతారా?”

బాబాయి వినబడనట్టు రెక్క తుడుచుకున్నాడు.

నా ఖర్మ కొద్దీ ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. భూమి కొలతల ఆఫీసులో ఆయన నక్షలు గీస్తాడు, నేను ఫైళ్ళు చూస్తాను. అక్కడి పన్నెండు కంప్యూటర్లనీ బాబాయి ప్రతి శనివారం వరసగా విప్పుతాడు. ప్యూను మొదలు మేనేజరు దాకా ఆయన చేత చీవాట్లు తినని మనిషి లేడు. మేనేజరైతే శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టడం మొదలుపెట్టాడు.

ఆ మేనేజరు కూడా తక్కువ తిన్నవాడు కాదు. కంప్యూటర్ దగ్గర ఎవరైనా ఏదైనా తాగుతూ కనబడితే, మర్నాటినుంచి ఇంట్లోనే కూర్చుని తాగొచ్చని గోడకి కాగితం అంటించాడు. ఊరికే అంటించలేదు, ఒకణ్ణి పంపించేశాడు కూడా.

మా టైపిస్టు చేరి అయిదు నెలలైంది. ఇంకో నెల గడిస్తే ఉద్యోగం ఖాయమవుతుంది. ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుకుంటున్న మనిషికి ఆ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. ఒక సోమవారం పొద్దున ఆవిడ కంప్యూటర్ టప్పుమని ఆగిపోయింది. చూస్తే ఆవిడ చేతిలో ఖాళీ గ్లాసు, మొహాన నెత్తురు చుక్క లేదు. నేను గ్లాసు లాక్కుని ఫైళ్ళ వెనక దాచేలోపు మేనేజరు వచ్చేశాడు. బాబాయికి కబురు వెళ్ళింది.

ఆయన ప్లగ్గు పీకి, రేకు విప్పాడు. వెనకనుంచి నేనూ తొంగిచూశాను. లోపల బోర్డు మీదుగా కాఫీ ధార కట్టి ఉంది. ఇంకేముంది, ఆవిడ పని అయిపోయిందనుకున్నాను. ఈ నోరు సొంత బావనే వదల్లేదు.

బాబాయి లోపలికి చూశాడు. ఆవిడ వంక చూశాడు. డబ్బాని గోడవైపు తిప్పేశాడు.

“దుమ్మండీ” అన్నాడు. “ఫ్యాను బిగుసుకుపోయి, వేడెక్కి ఆగిపోయింది.”

“కాఫీ వాసనొస్తోందేమిటి?” అన్నాడు మేనేజరు.

“నేను ఇంట్లో తాగొచ్చాను. నోరు తెరవమంటారా?”

ఆ నోరు సంగతి తెలిసినవాడు కాబట్టి మేనేజరు వెనక్కి తగ్గాడు. వెంటనే ఆయన కళ్ళు మెరిశాయి.

“అవునూ, మొన్న శనివారమేగా దీన్ని మీరు దులిపారు?”

బాబాయి చేతిలోని రేకు కింద పెట్టాడు.

“సరిగ్గా దులపలేదండీ. తప్పు నాదే.”

ఇన్నేళ్ళ కసి మేనేజరు అరగంటలో తీర్చుకున్నాడు. “మీకు బ్రష్షు పట్టుకోవడం వచ్చా?” అన్నాడు. “ఇదేనా మీ పనితనం?” అన్నాడు. బాబాయి తల వంచుకుని, చేతులు కట్టుకుని, మొత్తం విన్నాడు. నాకు మాత్రం మొదటిసారి ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

ఆ సాయంత్రం వరండాలో ఆయన స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో బోర్డు తుడుస్తుంటే టైపిస్టు వచ్చి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

“అన్నయ్యగారూ, మీరు నాకోసం...”

“ముందు ఆ ఏడుపు అవతలికెళ్ళి ఏడు. ఇప్పటికే తడిసి చచ్చింది ఇది” అని కసిరాడు. “కాఫీలో ఎన్ని చెంచాల పంచదార వేసుకుంటావు?”

“రెండండీ.”

“రేపట్నుంచి పంచదార లేకుండా తాగు. జిగురు వదిలించలేక నా ప్రాణం పోతోంది.”